ఒదిగి నడిచే రథాలు

ఎత్తుకీ గౌరవానికీ లోకంలో ఏదో లంకె ఉంది. దేవుణ్ణి రథం ఎక్కిస్తాం. పెళ్ళికూతుర్ని పల్లకీ ఎక్కిస్తాం. ఇంటికి పెద్దమనిషి వస్తే పీట తీసేసి కుర్చీ వేస్తాం. "వాళ్ళబ్బాయి ఎక్కడికో ఎదిగిపోయాడమ్మా" అంటే మెచ్చుకోలు, "పాపం, దిగజారిపోయాడు" అంటే జాలి. మాటల్లో కూడా పైకి వెళ్ళడమే మంచిది, కిందికి రావడం చెడ్డది.

అలాంటి లోకంలో కొంతమంది కుర్రాళ్ళు చెమటోడ్చి సంపాదించిన డబ్బంతా ఊడ్చిపెట్టి, పాత కారొకటి కొనుక్కుని, దాన్ని పని గట్టుకుని కిందికి దించారు. స్ప్రింగులు కోసి, చిన్న చక్రాలు వేసి, పొట్ట నేలని తాకుతుందా అన్నంత కిందికి. పైగా దాన్ని తాబేలు నడకన నడిపారు. దానికోసం జరిమానాలు కట్టారు, పోలీసులతో చీవాట్లు తిన్నారు, అయినా మానలేదు. వాళ్ళని లోరైడర్లన్నారు, వాళ్ళ కార్లకీ అదే పేరు. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో ప్రాంతాల్లో మెక్సికన్ కుటుంబాలవాళ్ళ కథ ఇది. కార్లంటే మగవాళ్ళ కబుర్లు, మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో కారు కొంచెమే, మనుషులే ఎక్కువ.

అసలు కారుని కిందికి దించాలన్న కోరిక పేదవాళ్ళ బుర్రలో పుట్టింది కాదు. మొదట్లో కార్లు గుర్రబ్బళ్ళకి చెల్లెళ్ళు. నిటారుగా, ఎత్తుగా, గూడుబండిలా ఉండేవి. మెట్టెక్కి లోపలికి వెళ్ళాలి. క్రైస్లర్ కంపెనీని చాలాకాలం నడిపిన కె.టి.కెల్లర్‌కి ఒక పట్టుదల ఉండేది. టోపీ పెట్టుకున్న మగవాడు టోపీ తియ్యకుండా కారులో కూర్చోగలగాలి, అంతే! అందుకని 1949లో ఆ కంపెనీ తెచ్చిన కార్లు ఇనప్పెట్టెల్లా నిలువెత్తున ఉన్నాయి. కొప్పు పెట్టుకున్న ఆడవాళ్ళకీ అది సుఖమే గాని, అప్పటికే లోకం చూపు మారిపోయింది. 1948లో హడ్సన్ కంపెనీ చక్కటి ఉపాయం చేసింది. కారు అడుగు భాగాన్ని చట్రం కమ్ముల మీద కాకుండా, వాటి మధ్యకి దించింది. పాత మండువా ఇళ్ళలో గడప దాటి కిందికి దిగినట్టు, ఆ కారులోకి ఎక్కడం కాదు, దిగడం.

అన్నిటికన్నా మించి హార్లీ ఎర్ల్ ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, హాలీవుడ్ తారలకి ముచ్చటైన కార్లు చేసిపెట్టి పేరు తెచ్చుకుని, 1927లో జనరల్ మోటార్స్‌లో చేరాడు. ముప్ఫై ఏళ్ళు ఆ కంపెనీ కార్లకి రూపురేఖలు దిద్దాడు. అమెరికా కారుని పొడుగు చెయ్యడం, కిందికి దించడం, ఇదే తన జీవిత లక్ష్యమని 1954లో తనే రాసుకున్నాడు. నిజంగా దించలేకపోతే కనీసం దిగినట్టు కనిపించేలాగైనా చెయ్యాలన్నాడు. పొడుగుగా, కిందుగా ఉన్నది కంటికి సాగిన గీతలా హాయిగా ఉంటుంది. పొట్టిపాటి ముఖానికి నిలువు బొట్టు నప్పినట్టే ఇదీనూ.

ఎర్ల్‌ని మేధావి అన్నారు. జీతమిచ్చి, పెద్ద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అదే లాస్ ఏంజెలెస్‌లో, ఊరి మధ్య నున్న నదికి తూర్పున, అదే పని ఇంటి వెనక పెరట్లో చేసినవాళ్ళని మాత్రం రౌడీలన్నారు.

ఆ పెరళ్ళలోకి వెళదాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. మెక్సికన్ కుటుంబాల కుర్రాళ్ళు వేలాదిమంది సైన్యంలో పనిచేసి ఇళ్ళకి తిరిగొచ్చారు. కొందరు అక్కడే మోటారు పని నేర్చుకున్నారు. దక్షిణ కాలిఫోర్నియాలోని విమానాల కర్మాగారాల్లో పనిచేసినవాళ్ళు మరికొందరు. ఆ కర్మాగారాల్లో ఆడవాళ్ళూ తక్కువేమీ కాదు. చేతిలో కాస్త డబ్బు, చేతుల్లో పనితనం. కొత్త కారు కొనే స్తోమతు లేదు. అంచేత 1930ల, 40ల నాటి షెవర్లే సెడాన్లు, నలుగురు కూర్చునే కుటుంబపు కార్లు, సెకండ్ హ్యాండులో కొనుక్కున్నారు. ఒళ్ళంతా గుండ్రంగా, వీపు వంపుగా ఉండే ఆ కార్లని ఇప్పటికీ ముద్దుగా 'బాంబు'లంటారు.

అప్పట్లో తెల్లకుర్రాళ్ళకి పాత కారు దొరికితే ఇంజను మార్చి, వెనక భాగం పైకి లేపి, వేగంగా దూకించేవారు. వీళ్ళు సరిగ్గా తిరగేశారు. కిందికి దించారు, నెమ్మదిగా నడిపారు. 'బహీతో ఇ స్వావెసీతో' అని స్పానిష్‌లో వాళ్ళ నినాదం. కిందుగా, మెత్తగా అని అర్థం. మాట వింటేనే జోలపాటలా లేదూ?

ఎలా దించారంటారా? మొదటి ఉపాయం మనింట్లో ఆలోచించినట్టే ఉంటుంది. డిక్కీలో ఇసక మూటలు పడేశారు. నలుగురు బరువైన చుట్టాలు ఎక్కితే మన కారు వెనక కూలబడదూ, అలాగన్నమాట. ఖర్చు లేదు. కాని పెట్రోలు తాగుతుంది, మూటలు దించితే కారు మళ్ళీ లేచి నిలబడుతుంది.

రెండో ఉపాయం స్ప్రింగుల మీద పడింది. కారు ముందు చక్రాల దగ్గర చుట్టలు తిరిగిన స్ప్రింగులుంటాయి. సోఫా చిరిగితే బయటికొస్తాయే, అలాంటివే, కాకపోతే మణికట్టంత బలమైనవి. అందులో ఒక చుట్టు కోసేస్తే కారు ఆ మేరకి దిగుతుంది. కాని ఇక్కడొక మెలిక ఉంది. స్ప్రింగు పొట్టిదైతే మెత్తబడదు, గట్టిపడుతుంది. పొడుగు కర్రని ఇట్టే వంచొచ్చు, దాన్నే జానెడు ముక్క చేస్తే వంచలేం కదా! అంచేత కోసిన స్ప్రింగుల కారులో కూర్చుంటే రోడ్డు మీది ప్రతి గులకరాయీ నడుముకి తెలుస్తుంది. కొందరు కొయ్యడం మాని, మంటతో కాల్చేవారు. ఎర్రగా కాలిన స్ప్రింగు కారు బరువుకి తనే కుంగుతుంది. కాని ఉక్కుకి ఆ పదును కాల్చి ముంచి అద్దిందే. ఇష్టం వచ్చినట్టు మళ్ళీ కాలిస్తే ఆ పదును చచ్చిపోతుంది. పట్టు సడలిన నవారు మంచంలా అది ఇక లేవదు, ఒకరోజు పుటుక్కుమనొచ్చు కూడా.

వెనక వైపు చాలా కార్లకి కమాను కట్టలుండేవి, లారీల కింద చూస్తుంటామే, ఆ వంగిన ఇనపపట్టీలు. వాటికీ ఇరుసుకీ మధ్య ఒక దిమ్మ పెట్టి బిగిస్తే కారు ఆ దిమ్మ మందాన కిందికి వస్తుంది. అన్నిటికన్నా చల్లని పని ఇది, కొయ్యడం లేదు, కాల్చడం లేదు. తర్వాత తర్వాత ఇవేవీ అక్కర్లేకుండా, పొట్టిగానే తయారుచేసి, ఆ బరువుకి లెక్కచూసి పదునుపెట్టిన కొత్త స్ప్రింగులు దుకాణాల్లోకి వచ్చాయి. ఇక చక్రాలు. చక్రం చిన్నదైతే కారు ఇంకాస్త దిగుతుంది. తెల్ల అంచు టైర్లు, సైకిలు చక్రానికి ఉన్నట్టు సన్నటి పుల్లలతో మెరిసే రిమ్ములు, అవీ పదమూడు అంగుళాలవి. పట్టుచీర కట్టుకున్న మనిషికి కాలి పట్టీల్లాగా!

కారు కిందికి దిగితే ఒక లాభం ఉంది. బరువు నేలకి దగ్గరవుతుంది గనక మలుపుల్లో ఒరగదు. చెంబుకన్నా పళ్ళెం కుదురుగా ఉన్నట్టే. పందెం కార్లు అందుకే అంత కిందుగా ఉంటాయి. కాని మన లోరైడరుకి పందెం లేదు, మలుపుల తొందరా లేదు. మరెందుకు దించాడు?

దానికి జవాబు కార్లలో లేదు, బట్టల్లో ఉంది. 1940లలో మెక్సికన్ కుర్రాళ్ళు వేసుకున్న సూట్లని జూట్ సూట్లనేవారు. మోకాళ్ళ దాకా కోటు, గుమ్మటంలా వదులై చీలమండ దగ్గర బిగిసిన ప్యాంటు. ఆడపిల్లలు జుట్టుని నుదుటి మీద ఎత్తుగా దువ్వి, పొట్టి గౌన్లు వేసుకుని తిరిగేవారు. యుద్ధకాలంలో బట్టకి కరువు. ఇంత గుడ్డ దండగ చెయ్యడం దేశద్రోహమన్నారు. 1943 జూన్‌లో నావికులు, సైనికులు గుంపులుగా లాస్ ఏంజెలెస్ వీధుల్లో పడి, ఆ సూట్లు వేసుకున్న కుర్రాళ్ళని పట్టి కొట్టారు. నడివీధిలో బట్టలు ఊడదీశారు. పోలీసులు దెబ్బలు తిన్నవాళ్ళనే తీసుకెళ్ళి లోపల పెట్టారు.

ఒంటి మీది బట్టని ఊడదియ్యొచ్చునని తెలిసిన జాతి ఆ సింగారాన్ని ఏం చేసింది? కారు మీదికి మార్చింది. ఇది నా ఊహే కావచ్చు, కాని ఆ కోటు పొడుగూ ఆ కారు కిందుదనమూ ఒకే గీతలా కనిపిస్తాయి నాకు. 'మేము ఉన్నాం, చూడండి' అనడం. వేగంగా వెళితే ఎవరు చూస్తారు? ఊరేగింపు పరుగెత్తుతుందా ఎక్కడైనా?

చూశారు. పోలీసులు మరీ బాగా చూశారు. 1958 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. కారులో ఏ భాగమూ చక్రపు రిమ్ము అడుగంచుకన్నా కిందికి ఉండకూడదని. చదవడానికి ఎంతో సబబుగా ఉంటుంది. టైరు పంక్చరై గాలి పోతే కారు పొట్ట రోడ్డుని రాసుకోకూడదు, అంతేగా! కాని ఎవరి కారుని ఆపి కొలతబద్ద పెట్టాలో ఆ చట్టంలో రాయలేదు. అది చేతిలో బద్ద ఉన్నవాడి ఇష్టం.

అక్కడే రాన్ అగిరే వస్తాడు. శాన్ బెర్నార్డినో కుర్రాడు. అతని 1957 నాటి కార్వెట్ కారు కిందికి ఉందని జరిమానా మీద జరిమానా వేశారు. అతనూ తండ్రీ కూర్చుని ఆలోచించారు. యుద్ధం తర్వాత విమానాల సామాను తూకానికి అమ్మే కొట్లు ఆ వైపు బోలెడు. రెక్కలనీ చక్రాలనీ కదిలించే నూనె పంపులు అక్కడ చవగ్గా దొరికేవి. వాటిని తెచ్చి 1959 ప్రాంతంలో కారుకి బిగించారు. మీట నొక్కితే పంపు నూనెని గొట్టంలోకి తోస్తుంది, కారు లేస్తుంది. నూనె వెనక్కి వదిలితే మెల్లగా కూర్చుంటుంది. ఇంకేముంది? పోలీసు కనిపిస్తే కారు బుద్ధిగా లేచి నిలబడుతుంది. ఆయన మలుపు తిరగ్గానే మళ్ళీ చతికిలబడుతుంది. క్లాసులో మాస్టారు వచ్చినప్పుడు పిల్లలు చేసే పనే కాదూ! నవ్వొస్తుంది గాని, ఆలోచిస్తే ముచ్చటేస్తుంది కూడా. చట్టాన్ని ధిక్కరించలేదు, తిట్టలేదు, దానికన్నా తెలివిగా ఉన్నారు. ఆ రోజుల్లో మొదలైన ఆ పంపులే తర్వాత కార్లని గంతులేయించేదాకా వెళ్ళాయి.

1958లోనే షెవర్లే కంపెనీ ఇంపాలా అనే కారు తెచ్చింది. దాని చట్రం ఇంటూ గుర్తు ఆకారంలో ఉండేది. ఆ పంపులు బిగించుకోవడానికి వీలైన వాటం. ఎర్ల్ కలగన్న పొడుగు, కిందుదనం పుట్టుకతోనే ఉన్న కారు. అది పాతబడి ధర తగ్గగానే తూర్పు లాస్ ఏంజెలెస్ దాన్ని గుండెకి హత్తుకుంది. విట్టియర్ బులవార్డ్ అనే పొడుగాటి వీధిలో వారాంతాల్లో ఈ కార్లు బారులు తీరేవి. క్లబ్బులు పుట్టాయి. 1962లో రువేలస్ సోదరులు డ్యూక్స్ అనే క్లబ్బు పెట్టారు, అది ఇప్పటికీ గొప్ప పేరున్న క్లబ్బు. ఇంపీరియల్స్ అనే క్లబ్బులో జెస్సీ వలాడెజ్ ఉండేవాడు. అతని 1964 నాటి ఇంపాలా పేరు 'జిప్సీ రోజ్'. గులాబీ రంగు ఒంటి మీద నిండా చేత్తో వేసిన గులాబీలు. లోపల సోఫాల్లాంటి సీట్లు, వేలాడే దీపాలు. కొత్తల్లుడికి సింగారించిన గదిలా ఉంటుంది. 1974లో 'చీకో అండ్ ద మ్యాన్' అనే టీవీ నాటిక మొదట్లో ఆ కారు కదిలి వెళుతుంటే దేశమంతా చూసింది.

కాని ఆ వీధిలో గులాబీలే పూయలేదు. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వేలాదిమంది మెక్సికన్ అమెరికన్లు ఆ విట్టియర్ బులవార్డ్ మీదుగానే నడిచారు. తమ పిల్లలే ఎక్కువగా చనిపోతున్నారని వాళ్ళ గోడు. పోలీసులు చెదరగొట్టారు. రూబెన్ సలజార్ అనే పేరున్న పత్రికా రచయిత ఆ వీధిలోనే సిల్వర్ డాలర్ అనే చిన్న హోటల్లో కూర్చుని ఉండగా, ఒక డెప్యూటీ షెరీఫ్ లోపలికి పేల్చిన బాష్పవాయు గుండు తగిలి చనిపోయాడు. సభ జరిగిన పార్కుకి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఆ వీధిలో కారు నెమ్మదిగా నడపడం ఉత్త షోకు కాదని అర్థమవడానికి ఈ సంగతి తెలియాలి. మమ్మల్ని తరిమిన వీధి ఇదే, ఇక్కడే తీరిగ్గా తిరుగుతాం అనడం అది.

ఆ తీరికే కంటగింపయింది. ఒకే వీధిలో ఒక కారు అటూ ఇటూ పదేపదే తిరగకూడదని ఊరూరా నిషేధాలు పెట్టారు. శాన్ హోసేలో 1986లో, సాక్రమెంటోలో 1988లో, శాన్ డియేగో పక్కనున్న నేషనల్ సిటీలో 1992లో. గొడవలు లేవని అనను. జనం గుమిగూడినచోట తగాదాలూ ఉంటాయి, ట్రాఫిక్ ఆగిపోతుంది, కొట్లవాళ్ళు విసుక్కుంటారు. కాని తగాదా పడినవాణ్ణి పట్టుకోవడం వేరు, నెమ్మదిగా నడిచేవాళ్ళందర్నీ దోషుల్ని చెయ్యడం వేరు.

ఆడవాళ్ళ మాటేమిటంటారా? 1977లో శాన్ హోసేలో ముగ్గురు కాలేజీ విద్యార్థులు 'లోరైడర్' అనే పత్రిక పెట్టారు. 2019 దాకా అచ్చులో నడిచింది. దాని ముఖచిత్రాల మీద కారు పక్కన అరకొర బట్టల అమ్మాయి నిలబడి ఉండేది. కారుకి అలంకారంగా ఆడపిల్ల! ఆ దేశం, ఈ దేశం అని లేదు, సబ్బుబిళ్ళ నుంచి ట్రాక్టరు దాకా మనకీ తెలిసిన సంగతే. కాని అసలు కథలో ఆడవాళ్ళు అలా పక్కన నిలబడ్డవాళ్ళు కారు.

న్యూ మెక్సికోలో చిమాయో అనే కొండపల్లె ఉంది. అక్కడి చిన్న గుడి మట్టి రోగాలు పోగొడుతుందని నమ్మి, గుడ్ ఫ్రైడేకి వేలమంది కాలినడకన వెళతారు. ఆ ఊరి డేవిడ్ హరమియో 1969 నాటి ఫోర్డ్ ఎల్టీడీ కారు కొని, దించి, అలంకరించడం మొదలుపెట్టాడు. 1978లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. సగం పనైన కారు వాకిట్లో మిగిలింది. భర్త పోయిన మనిషి అలాంటి కారుని ఏం చేస్తుంది? వచ్చినంతకి అమ్ముకుంటుంది, లేదా కళ్ళెదుట ఉండొద్దని తోలించేస్తుంది. ఆయన భార్య ఐరీన్ అలా చెయ్యలేదు. బంధువుల్నీ ఊళ్ళోని పనివాళ్ళనీ కూడగట్టి దాన్ని పూర్తిచేయించింది. లోపల ఎర్ర వెల్వెట్, ఒంటి మీద కుటుంబం బొమ్మ. దాని పేరు 'డేవ్స్ డ్రీమ్', డేవ్ కల. 1990లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ దాన్ని తీసుకుని జాతీయ చరిత్ర మ్యూజియంలో చేర్చింది. రాజులు రాణుల కోసం కట్టించిన గోరీలు చాలా చూశాం. భర్త కోసం ఒక భార్య పూర్తిచేసిన కారు ఇదొక్కటే నాకు తెలుసు. తాజ్ మహల్లో ఎవరూ ఊరేగలేరు, ఇందులో ఊరేగొచ్చు!

కాలం మెల్లగానైనా తిరిగింది. జెస్సీ వలాడెజ్ 2011లో కన్నుమూశాడు. 2017లో అతని జిప్సీ రోజ్‌ని అమెరికా చారిత్రక వాహనాల జాబితాలో చేర్చి, రాజధాని వాషింగ్టన్‌లో అద్దాల గదిలో పెట్టి జనానికి చూపించారు. శాన్ హోసే, సాక్రమెంటో 2022లో నిషేధాలు ఎత్తేశాయి. నేషనల్ సిటీ 2023లో ఎత్తేసింది. ఆ ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి ఒక చట్టం చేశారు. 2024 జనవరి 1 నుంచి ఏ ఊరూ అలాంటి నిషేధం పెట్టకూడదు. రిమ్ముకన్నా కిందికి దిగకూడదన్న ఆ పాత చట్టం కూడా దాంతోనే పోయింది. అరవై ఆరేళ్ళు పట్టింది. ఇవాళ కాలిఫోర్నియాలో ఆడవాళ్ళే సభ్యులుగా నడుపుకునే క్లబ్బులున్నాయి. స్టీరింగు వాళ్ళదే, మీటలూ వాళ్ళవే. మన తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డ ఆ శాన్ హోసే వీధుల్లో ఎప్పుడైనా గులాబీ రంగు కారొకటి పాకుతూ ఎదురైతే, మనవాళ్ళు కాస్త పక్కకి తప్పుకుని దారివ్వాలని నా మనవి.

ఇది చదివి మీ ఇంట్లో పిల్లాడు పాత సెడానుకి పొట్టి స్ప్రింగులు వేయిస్తానని లేస్తే మాత్రం నన్ననకండి. రిజిస్ట్రేషనులో రాసినదానికి భిన్నంగా బండిని మార్చడానికి మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. చట్టం వదిలినా, మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లు వదలవు.

మనకి కార్లు దించే ఆచారం లేకపోవచ్చు. కాని సంక్రాంతికి ఎద్దుల కొమ్ములకి రంగులేసి, మెడలో గంటలు కట్టి, బండికి మామిడాకులు కట్టి ఊరంతా తిప్పే రైతుని తెలుసు. ఆ రోజు ఆ బండి ఎక్కడికీ వెళ్ళదు, దేన్నీ మొయ్యదు, తొందరపడదు. ఏడాదంతా ఎవరికోసమో బరువులు మోసిన బండి, ఆ ఒక్కరోజూ తనకోసం తను నడుస్తుంది. విట్టియర్ బులవార్డ్‌లో శనివారం సాయంత్రం జరిగిందీ అదే.